మోకాళ్ల మొక్కు

మంగంపేట గనిలో లారీ తోలే మొగుణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఆమె ఒక్కతే డాక్టరు గదిలోకి వచ్చింది.

"మీ ఆయన మోకాట్లో చిరిగిన మెత్తను కుట్టి రెండు నెల్లే అయిందమ్మా. నాలుగు నెల్లు మోకాలు మడిచి నేలకు ఆనించొద్దని చెప్పింటి గదా?"

"నొప్పి పోయింది సార్. బాగయిందనుకొని తిరుమల కొండకు పోతిమి."

"నడిచా?"

"మోకాళ్ల పర్వతం కాడ మోకాళ్ల మీద ఎక్కినాడు. మొక్కు ఉండాది."

"కుట్లన్నీ తెగిపోయినాయి. మళ్లీ కుట్టేదానికి ఆడేం మిగల్లేదు."

"లారీ తోలచ్చా సార్?"

డాక్టరు తల అడ్డంగా ఊపినాడు.

"ఆయప్పను తిట్టొద్దు సార్. ఆ మెట్లు నేనెక్కుతానని మొక్కుకుంటి. 'నా కాలు బాగయినందుకు నీ మోకాళ్లు కొట్టుకపోవల్నా?' అని నన్ను పక్కకు జరిపి, ఆయప్పే ఎక్కె."