వెండి గౌను మడతలు

పిన్ని ఇచ్చిన పాతకాలపు వెండి తీగల గౌను మడతలు భార్య విప్పగానే, అది ముక్కలై మంచం మీద పడింది. భర్త ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

“మడత మడతకీ తెగిందేంటండీ?”

“మడత చెదరకూడదని ఏటా ఆ గీతల మీదే ఇస్త్రీ చేశా కదే.”

“ఒక్క ఫంక్షన్‌కైనా వేసుకోనిచ్చారా? ఇంతకంటే మంచి సందర్భం వస్తుందన్నారు.”

“వచ్చిందిగా మరి.”

“ఆస్పత్రిలో పిన్ని ఒక్కటే అడిగింది. తను స్టేజీ మీద పాడినప్పటి గౌను నా ఒంటి మీద చూడాలట. డాక్టరేమో రేపటి మాట చెప్పలేనన్నాడు.”

“ఆవిడకి చూపు ఆనదు కదా.”

“చేత్తో తడిమి చూస్తుందండీ.”

ఆయన కాసేపు ముక్కల్ని వరసగా పేర్చాడు.

“పోనీ, ఆ కొత్త నీలం సిల్కుది వేసుకో.”

“ఆస్పత్రికా? అది మంచి బట్టండీ!”