బావ తాళం

రేపట్నించి మిల్లులో ఇసుక తొట్టి పనికెళ్తున్నావంటగా? కూచో. ముందు ఆ యంగోనా వేరు కలిపిన నీళ్ల చిప్ప అందుకో... మర్యాదకైనా చప్పట్లు కొట్టకుండా తాగేస్తావేంట్రా, ఏం మనవడివో! సరే, నీకు తాళం ఇచ్చారా? దాని మీద పేరు రాయించావా? నవ్వకు. ఆ తొట్టి ఇల్లంత ఉంటుంది. ఏటి నీళ్లు అందులో ఇసుకలోంచి దిగి తేటపడితేనే బాయిలర్లకి పంపేది. చెరుకాడటం ఆగిన నెలల్లో పాత ఇసుక తోడి, లోపల గోడలు గీకాలి. దిగే ప్రతివాడూ నీళ్ల వాల్వు గొలుసుకి తన తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. పైకొచ్చాక వాడే తియ్యాలి. ఒక్క తాళం మిగిలినా నీళ్లు వదలరు. మా రోజుల్లో అందరికంటే ఆఖర్న తీసేది వైసాకే. మా చెల్లి అసెనాథా మొగుడు. ఒకరికొకరం బావలం. అబ్బో, వాడి నోరు! "మా బావ బుర్ర ఇంట్లో మేకుకి తగిలించి వస్తాడు. వాడి మొహం బయట కనబడేదాకా నా తాళం తియ్యను" అని అందరి ముందూ అనేవాడు. నేనూరుకుంటానా? "నీ మొహం చూడలేకే లోపల కూచుంటున్నా బావా" అనేవాణ్ణి. కానీ నిజమేరా, నాకు మతిమరుపు. పైకొచ్చి తాళం తీసేసి, అయ్యో పొగాకు సంచీ అని మళ్లీ దిగేవాణ్ణి. వాడు తిండి మానుకునైనా సరే, వాల్వు దగ్గర్నుంచి కదిలేవాడు కాదు.

షుగరన్నారు, కాలు తీసేశారు, ఆ తర్వాత ఎన్నాళ్లో లేడు. మా చెల్లి ఆ తాళంచెవి వాడి గుప్పిట్లో పెట్టి శవపెట్టె మూయించింది. "ఇది లేకపోతే ఆయనకి తోచదన్నయ్యా" అంది. తాళం మాత్రం మిల్లు గోడకి, మూసింది మూసినట్టే వేలాడుతుండేది. ఎవరు తెరుస్తారు, చెవి మట్టిలో ఉంటే?

మరుసటేడు పనైపోయి పైకొచ్చాం. అందరం తాళాలు తీసేశాం. నాకు సంచీ గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పకుండా దిగాను. పైన మూత పడింది. కళ్లు పొడుచుకున్నా కనబడని చీకటి. అరిస్తే నా గొంతు నాకే తిరిగొచ్చింది. చచ్చాననుకున్నాన్రా, నీ నాయనమ్మ మొహం కళ్లముందు కదిలింది. అంతలో నీళ్ల గొట్టంలోంచి మాటలు. మా మేస్త్రీ రాఘవన్ గొంతు. "గొలుసుకి ఇంకా ఉన్న ఈ తాళం ఎవడిది?" ఎవడో, "వైసాకే అని రాసుందండీ" అన్నాడు. "చచ్చినోడితో వేళాకోళమా? హాక్సా తెచ్చి కోసెయ్యండి!" మూసిన తాళం గొలుసుకెలా పడుతుందని ఒక్కడూ అడగలేదు. నేను రాయి తీసుకుని గోడకేసి బాదాను. హాక్సా కోసం ఎదురుచూస్తూ ఊరికే నిలబడ్డారు కాబట్టి వినబడింది. మూత తీశారు. నా తల బయటికి రాగానే రాఘవన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడే కుర్రాడెవడో హాక్సా పట్టుకుని వచ్చి, "ఏదండీ తాళం?" అన్నాడు.

నేల మీద పడుంది. తెరుచుకుని. ఎక్కడా గీత కూడా లేదు. నా మొహం చూశాక తీశాడ్రా మా బావ. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇప్పుడా? మళ్లీ ఆ గోడకే ఉంది, రేపు చూస్తావుగా. ఒక్క మాట. నీ తాళం తీశాక ఏం మర్చిపోయినా సరే, మళ్లీ దిగకు. నీ మొహం వాడెప్పుడూ చూళ్లేదు...

ఊఁ. చిప్ప ఖాళీ అయింది, కలుపు.