పూడ్చాల్సిన కోటు

అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఎలా, బావా? ఇంట్లోకొచ్చి కూడా ఆ వానకోటు విప్పవేం? నేనేమన్నా లాక్కుపోతానా?

సరే, లాక్కుపోవడానికే వచ్చాను. అక్క చెప్పేసిందన్నమాట. దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా.

మా ల్యాబులో పెద్దాయన సంగతి నీకు తెలీదు. గుడ్డ తడవకూడదు. లోపల చెమట నిలవకూడదు. కంపు కొట్టకూడదు. ఎండకి పాడవకూడదు. ఇన్నీ చేశాక, మట్టిలో వేస్తే బుద్ధిగా కుళ్ళిపోవాలి. నిన్ను అల్లుడిగా ఒప్పుకోవడానికి మా నాన్న కూడా ఇన్ని షరతులు పెట్టలేదు.

గింజల నూనె, మైనం కలిపి మరిగించీ మరిగించీ నా జుట్టు కూడా తడవడం మానేసింది. నవ్వు, ఫర్వాలేదు. ఏదో ఒకటి చెయ్యి.

కొత్త గుడ్డ ముక్కలు పూడ్చి చూశాం. చక్కగా కుళ్ళాయి. ఆయనకి అది చాలదట. మనిషి ఒంటి మీద నలిగి, సబ్బు దెబ్బలు తిన్న కోటు కుళ్ళితేనే నమ్ముతాడట. అలాంటిది లోకంలో ఒక్కటే ఉంది, ఆ గుడ్డతో నేను కుట్టిస్తే నువ్వు తొడుక్కున్నది. రేపు అది మట్టిపెట్టెలోకి వెళ్ళకపోతే నా గుడ్డ పని అయిపోయినట్టే. మళ్ళీ ఆ పాత రసాయనమే పూస్తారు. మనం పోయినా, మన మనవలు పోయినా మట్టిలో చావదది.

తెలుసు బావా. పొద్దస్తమానం పార్సిళ్ళు వేసుకుని బండి మీద తిరిగేవాడివి. ఈ వానల్లో నీకు దగ్గు రాలేదని అక్క ఎదురింటివాళ్ళకి కూడా చెప్పుకుంది. ఇంకోటి కుట్టివ్వచ్చుగా అంటావు. గుడ్డ మిగల్లేదు. ఇది కుళ్ళిందని తేలితేనే ఇంకో తాను నేయిస్తారు. అప్పటికి వానలే అయిపోతాయి.

అదేంటి, విప్పేస్తున్నావ్?

ఆగు. కాస్త పోట్లాడు. దారంతా నీ తిట్లకి జవాబులు కూడబలుక్కుంటూ వచ్చాను. ఇలా మడతపెట్టి చేతిలో పెడితే వాటినన్నిటినీ ఏం చేసుకోను?

నిజం చెప్పనా? నువ్వు ఇవ్వనంటే బావుండునని మెట్లెక్కుతూ అనుకున్నాను. నెపం నీ మీదకి తోసేసి, ఇంటికి పోయి పడుకునేదాన్ని. అంత అలసిపోయాను, బావా.

సర్లే. బయట ఎలా కొడుతోందో చూడు. మీ ఇంట్లో గొడుగు కూడా లేదు. ఇదొచ్చాక కొనడం మానేశారుగా.

ఇటివ్వు. దీన్ని పూడ్చడానికి దీన్నే తొడుక్కుని పోతాను.