చుక్క నీళ్లు తాగలేదని చెప్పలే

ముందుది వెనకకు, వెనకది ముందుకు చెప్తనేమో, మహెక్. నడుమ ఆపకు. ఆపితే మొత్తం పోతది. ఈ మధ్య నా తలకాయ గిట్లనే ఉంటుంది, నీకు తెలుసు కదా.

మీ దాదాకు, మా ఇంటాయనకు, మధ్యాహ్నం నమాజ్ అయినంక ఛాతీల నొప్పి షురూ అయింది. కాదు, నమాజ్‌కు ముందే. ఒళ్లంత చెమట. ఆటోల తీసుకొస్తుంటే మారేడ్‌పల్లి సిగ్నల్ కాడ నా భుజం మీద ఒరిగిండు. ఆడనే పోయిండనుకున్న.

ఈ దవాఖానకొచ్చినంక అందరు ఉరుకుడే. గుండె నరం మూసుకపోయిందట. ఏడ మూసుకుందో కనబడాలంటే రంగు మందు ఎక్కించాలెనట. ఆ మందు కిడ్నీల మీద పడతదట, షుగరున్నోళ్లకు ఇంకా ఎక్కువట.

"ఆగే టైం లేదమ్మా, జల్ది చెప్పు. పొద్దటి నుంచి నీళ్లు తాగిండా? ఒంట్ల నీళ్లు లేకుంటే సెలైన్ పెట్టుకుంటనే చేస్తం, మందు సుత తక్కువల కానిస్తం. నొప్పి గోలీలేమన్న మింగుతుండా?" అని అడిగిండు డాక్టరు.

నీళ్లు తాగిండన్న. గోలీలు లేవన్న.

ఏందట్ల చూస్తున్నవ్? అవును, రంజాన్ ఉపాసం, రోజా ఉన్నడు. ఇయ్యాల్టికి పదకొండు దినాలు. షుగర్ డాక్టరు వద్దంటే నీ ముందర తలూపింది ఉత్తదే. నేరేడ్‌మెట్‌ల ఉండేదానివి, నీకెట్ల తెలుస్తది? తెల్లారగట్ల సహరీ తిండికి లేపింది నేనే. తెల్లారకముందు ఒక్క గ్లాసు నీళ్లు, అంతే. రాత్రి తరావీ నమాజ్‌కు నిలబడితే మోకాళ్లు గుంజుతున్నయంటే ఆ గోలీలు తెచ్చిచ్చింది సుత నేనే. రోజుకు రెండు.

ఆయనే చెప్పొద్దన్నడని నీతోని అందామనుకున్న. కాదు బేటా. స్ట్రెచర్ మీదనుంచే ఆయన చెప్పబోయిండు. నేనే అడ్డం పడి తాగిండన్న. నువ్వొచ్చినంక నర్సుల ముందర నీతోని మాట పడాలంటే సిగ్గయింది.

దాదీకి మతి లేదు, మరిచిపోయిందని అందరనుకుంటరు. మరిచిపోలే. నిన్న ఏం వండిన్నో యాదికి లేదు గని, ఇది మాత్రం అక్షరం పోలే.

స్టెంట్ వేసిన్రు. గుండె నయమేనట. గని మంచం కింద ఆ మూత్రం సంచి చూసినవా? అడుగున ఇంతే, డికాక్షన్ లెక్క. గంట కింద సుత అంతే ఉండె. నర్సు వంగి చూసి రాసుకున్నది. ఆ రంగు మందు కిడ్నీల మీద పడ్డదేమోనని నా భయం.

ఇగో, గోలీల పేర్లు ఈ కాయితం మీద రాసిన. చదువు నా అంతట నేను నేర్చుకున్నదే, ఇంగ్లీషు అక్షరాలు తారుమారైతయి. రెండోది మోకాళ్లదా, షుగర్‌దా? ఒక్కసారి చూడు. తప్పుంటే దిద్ది డాక్టరు దగ్గరికి పో. మా దాదీ అబద్ధం చెప్పిందను. గట్లనే చెప్పు. ముందు పేర్లు చూడు.