పిన్నే చెప్పింది

హలో… ఆ, నేనే జ్యోతీ. అక్కని.

బాగానే ఉన్నాం… జలుబు కాదే, మిరపకాయ ఘాటు. కల్లంలో కాయ ఆరింది, బస్తాలకి ఎత్తిస్తున్నాం. ఉండు — హనుమాయమ్మా, తెల్లబడ్డ కాయ వేరే పొయ్యమన్నానా. ఎర్రకాయలో తాలు కనపడితే మిర్చి యార్డులో మొత్తానికీ తాలు రేటే కడతారు… ఆ, చెప్పు. లోపలికొచ్చా. తలుపేశా.

క్లినిక్కులో ఎవరైనా ఉన్నారా?… వెళ్లిపోయారా. మంచిదైంది.

చైతన్య సంగతి మాట్లాడదామని.

… ఏ చైతన్యేంటే? నా కొడుకు.

… తెలుసులే. నీ దగ్గరికొచ్చే వాళ్ల పేర్లు చెప్పవు. పాతికేళ్లుగా చూడట్లేదా? మీ బావ ఎన్నిసార్లు అడిగారు, సర్పంచి తమ్ముడు నీ క్లినిక్కుకి వస్తాడట కదా అని. అన్నం ముందునుంచి లేచిపోయావు గానీ పెదవి విప్పావా? కన్నతల్లి అడిగినా చెప్పనన్నావు, ఆ రోజు.

అందుకే నేనేం అడగట్లేదు. వాడే చెప్పాడు.

… నాకే. అంతా చెప్పాడు. ఆడపిల్లలంటే ఇష్టం లేదని… నీ దగ్గరికి వస్తున్నానని. నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు.

…

జ్యోతీ? వింటున్నావా?… ఏడుస్తున్నావా?

పిచ్చిదానా. నేనేమంటాను, తల్లిని కదా.

… అవునే, నీకు ఇట్లాంటి మంచి మాట మా నోటినుంచి ఎప్పుడూ రాలేదు. నిజమే. చాలా అన్నాం నిన్ను. చిలకలూరిపేట రోడ్డు మీద లారీల దగ్గర నిరోధ్‌లు పంచుతున్నావని తెలిసి, అమ్మ నీ కంచం వేరే పెట్టింది. ఆ తర్వాత ఆ పరిశోధన… మగవాళ్లతో మగవాళ్లు… అది విని, తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం వెనక్కి పోయింది. ఎయిడ్స్ మాట బయటికి రానివ్వలేదు, మన ఊళ్లో నువ్వు ఇప్పటికీ టీబీ డాక్టరువే. అమ్మ పోయేదాకా అదే చెప్పింది. నేనూ అదే. ఢిల్లీలో శాలువా కప్పి పేపర్లో ఫోటో వేస్తే, టీబీకి ఇచ్చారనే చెప్పాను.

… నవ్వుతావే. నీకేం, నువ్వు గుంటూరులో ఉన్నావు. జవాబులు చెప్పుకునేది నేను.

సరే, ఒక్క మాట. ఆ బిళ్లలు… చూశాను. రోజూ వేసుకునేవి. అందుకే నీకు ఫోన్ చేశాను జ్యోతీ. రోగం వచ్చిందా వీడికి?

… రాలేదా.

… రాకుండా ఉండటానికా? ముందే వేసుకుంటారా?

… పిల్లలు పుట్టకుండా మనం వేసుకున్నట్టే. ఓహో.

… అంటే వాడి రక్తంలో ఏమీ లేదు. మళ్లీ చెప్పు, కాస్త గట్టిగా చెప్పు, సరిగ్గా వినపడట్లేదు… మొన్న పరీక్ష చేసినా లేదు. నీ మాటే కదా? నువ్వు చేసిన పరీక్షే?

హమ్మయ్య.

ఎప్పటినుంచి వస్తున్నాడే నీ దగ్గరికి?… ఇంజనీరింగ్ అప్పటినుంచా. మరి నాకు ఒక్క ముక్క…

… ఏంటి?

… రైలు పట్టాల మీదనుంచా? పట్టాల మీద నిలబడి నీకు ఫోన్ చేశాడా?

…

లేదు. అది చెప్పలేదు నాకు.

… నువ్వే వెళ్లి తీసుకొచ్చావా? ఆటోలో.

… సరేలే. అయిపోయింది కదా అది. అయిపోయిన సంగతి.

ఇంకో అబ్బాయి ఉన్నాడు కదా… ఆ, అన్నాడు, ఉన్నాడని. ఎట్లాంటి వాడే?… బాపట్లలో. లెక్చరరా. మంచి ఉద్యోగమే.

… నీ ఇంట్లో భోంచేశారా? ఇద్దరూనా? ఏం వండావు?… గోంగూరా? వాడు గోంగూర ముట్టడే… ఓ, ఆ అబ్బాయికి ఇష్టమని. మా వాడు కూడా తిన్నాడా? నేను ఎన్నేళ్లు బతిమాలినా తినలేదు.

… పాటలు కూడా పాడతాడా?… చర్చిలో. ఓహో. చర్చి.

బాగుంది. పేరేంటి?

… ఊరికే అడుగుతున్నా. వాడు చెప్పాడు గానీ నోరు తిరగలేదు.

…

ఏం, ఆగిపోయావు?

… నువ్వు అడిగేదేంటో తిన్నగా అడుగు.

… లేదు. వాడు నాకేం చెప్పలేదు. ఒళ్లో తల పెట్టనూ లేదు, ఏడవనూ లేదు. వాడి బీరువాలో చొక్కాల కింద సీసా దొరికింది. దానికి నీ క్లినిక్కు చీటీ అతికించి ఉంది. నీ దగ్గరికి ఎలాంటి వాళ్లు వస్తారో నాకు వేరే ఎవరు చెప్పాలి? అడిగితే నువ్వు చెప్పవు. వాడే చెప్పాడంటే ఇక దాచేదేముంది అనుకుంటావని, అట్లా అన్నాను. అనుకున్నావు.

అరవకు జ్యోతీ. ఫోన్ స్పీకర్లో ఉంది. లోపలికొచ్చి తలుపేసినప్పటినుంచీ. మీ బావ నా పక్కనే కూర్చున్నారు.

… మోసం నాదా? నా ఇంట్లో పిల్లవాడిని ఇన్నేళ్లు నాకు తెలియకుండా దగ్గరికి తీసి, భోజనాలు పెట్టి, వాడి జతని కూడా కూర్చోబెట్టి… మోసం నాదా?

… ఆగదు. గురువారం వాడి పెళ్లి ఆగదు. పొన్నూరులో ఆడపెళ్లివారు శుభలేఖలు పంచేశారు.

… శ్రీరమ్యకి ఎందుకు చెప్పాలి? ఏమని చెప్పాలి? రోగం లేదన్నావుగా. గట్టిగా చెప్పించింది అందుకే, ఆయన కూడా వినాలని. ఒంట్లో రోగం లేని మగవాడికి పెళ్లి చేస్తే తప్పేంటి? డాక్టరువి, నువ్వే చెప్పు.

… ఆ పిల్ల ఏమైపోతుందా. నేనేమైపోయాను? పెళ్లినాడు నన్నెవరు అడిగారు? ఇద్దరు పిల్లల్ని కన్నాను, మిరప తోట చేయించాను. అదీ చేస్తుంది.

… మీ బావా? బయటికెళ్లారు. కారు తీస్తున్నారు.

… బాపట్లకే అనుకుంటా.

… పేరు లేకపోతేనేం? లెక్చరరు, చర్చిలో పాడతాడు. ఆ ఆనవాలు చాలు మీ బావకి.

… చేసుకో, ఫోన్ చేసి చెప్పు ఆ అబ్బాయికి. ఊరొదిలి పొమ్మను. మాకు కావలసిందీ అదే.

… పోలీసుల దగ్గరికా? వెళ్లు. ఎవరి తరఫున వచ్చావమ్మా అంటే ఏం చెప్తావు? నువ్వు పేర్లు చెప్పవుగా.

… సీసా పొయ్యిలో వేశాను. మళ్లీ ఇచ్చుకో, వాడు వస్తే.

ఆగు. బండి చప్పుడు… వాడే. యార్డునుంచి వచ్చాడు.

రారా. ఏం, అట్లా చూస్తున్నావు? నాన్నగారు పనిమీద వెళ్లారు. కాళ్లు కడుక్కో.

… పిన్నిరా. ఫోన్లో. చాలాసేపటినుంచి మాట్లాడుతోంది.

… నీ గురించే. అంతా చెప్పింది.

… అంతా అంటే అంతా. బిళ్లలు. బాపట్ల అబ్బాయి. గోంగూర కూడా తిన్నావటగా. రైలు పట్టాలు…

… నేనేం అడగలేదు నాన్నా. నాకేం తెలుసని అడుగుతాను? పిన్నే చేసింది ఫోను. పిన్నే చెప్పింది.

… ఎంత అరిచినా లాభం లేదు జ్యోతీ. స్పీకర్ తీసేశాను. నాకొక్కదానికే వినపడుతోంది.

ఇదిగో, మాట్లాడు… తీసుకో. నీ పిన్నే. నిన్ను ఆటోలో ఎక్కించుకొచ్చిన పిన్ని… తీసుకోవా?

విన్నావా జ్యోతీ? తీసుకోడట.

… నవ్వినట్టు మొహం పెట్టి, వాడి సెల్లు బల్ల మీద పెట్టేసి, గదిలోకెళ్లాడు.

… ఆ, తలుపు వేసుకున్నాడు. గడియ కూడా పెట్టుకున్నాడు.

… పగలగొట్టడమెందుకే? అలిగాడు. గురువారానికి సర్దుకుంటాడు.

… నువ్వు భయపడి నన్ను భయపెట్టకు.

… అప్పుడు వేరు. అప్పుడు కాలేజీ పిల్లాడు.

… అట్లా ఏడవకు, నాకు వినబుద్ధి కావట్లేదు. సరే. సరే, పిలుస్తాను, నీ తృప్తి కోసం. పెట్టెయ్యకు, ఫోన్ ఇక్కడే బల్ల మీద పెడుతున్నా. నువ్వే విను, ఎట్లా పలుకుతాడో.

చైతన్యా.

… చైతన్యా, అన్నం వడ్డిస్తున్నా, రా.

… ఒరేయ్, పిన్ని చెప్పిందానికి నామీద అలుగుతావేంట్రా?

… చైతన్యా.

…

తలుపు తియ్యరా.