ఆరో గొట్టం మూతలు

పడవాయన నోరు తెరిస్తే పిల్లకాలువ కూడా సముద్రమవుతుందని టీకొట్టు దగ్గర అందరికీ తెలుసు. బల్ల చివర కూర్చున్న మట్టి మేడానికీ తెలుసు. సరస్సు అడుగు బురదలో చిక్కుకున్న వాయువుల్ని కొలిచి, వేల ఏళ్ల కిందట ఎండలెలా కాశాయో, వానలెలా కురిశాయో చెప్పడం ఆవిడ పని. అతని పడవ మీదే ఆరు గొట్టాల బురద తీయించింది. పై కొసకి ఎర్రమూత, కింది కొసకి నల్లమూత. అయిదు గొట్టాలు ఒకే మాట చెబుతున్నాయి. అన్నిటికంటే లోతు నుంచి వచ్చిన ఆరోది మాత్రం అడ్డం తిరిగింది. తలకిందులైందేమోనని అనుమానం. కానీ ఉత్త అనుమానంతో గొట్టాన్ని తిప్పి చదవడానికి లేదు. అది తీసిన రోజు తను పడవలో లేదు; చూసిన మనిషి చెప్పాలి, లేదంటే పారేయాలి. పడవాయన్ని మూడుసార్లు అడిగింది. "నా పనిలో వంక ఉంటుందా మేడం?" అన్నాడు మూడుసార్లూ. అందుకే ఇవాళ అడగడం మానేసి, గ్లాసు చేతబట్టుకుని వింటోంది.

"ఏదో, నూరేళ్లనాటి గాలి కాస్త పీల్చాను. అంతే," అన్నాడతను ఆవులిస్తూ.

"ఎలా బావా?" దర్జీ ఎర వేశాడు.

"ఎలాగంటే, ఆ ఆరో గొట్టం పైకి వస్తోంది కదా, నీళ్ల బరువు తగ్గేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది, సోడాసీసాలాగా. తాడు వణుకుతోంది, మిగతావాళ్లు దణ్ణాలు పెడుతున్నారు, నేనొక్కణ్ణే పట్టు వదల్లేదు. పడవలో పడుకోబెట్టానో లేదో బురద బుసబుసా పొంగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అగ్గిపుల్ల గీశాను. నీలం మంట! నా నెత్తి దాటి, తెరచాప దాటి లేచింది. ఎగిరే కొంగలు ఎగురుతూనే కాలిపోయాయి."

"కొంగలు కాలాయా!" అన్నాడు పోస్ట్‌మాన్.

"వేగాయి. అదలా ఉంచు. ఇంతలో గుమ్మడికాయంత బుడగ లేచి టప్పున పగిలింది. వాన వాసన! ఇప్పటి వాన కాదురా నాయనా, మనిషనేవాడు పుట్టకముందు కురిసిన వాన. వెనకే ఉరుము. అన్నాళ్లూ బురదలో నక్కిన ఉరుము, దెబ్బకి పడవ గిర్రున తిరిగింది. రెండో బుడగలో ఎండ. ఎంత ఎండంటే, తడిచొక్కా ఒంటిమీదే ఆరి ఇస్త్రీ అయిపోయింది. మూడోదాంట్లో మంచు. మీసం గడ్డకట్టింది. లక్షేళ్ల కాలాలు నా మొహాన ఒకదాని వెనక ఒకటి..."

నవ్వుదామని తెరిచిన దర్జీ నోరు అలాగే ఉండిపోయింది. మేడం చెయ్యి కూడా గాల్లో ఆగింది. కోతలే. కానీ ఇరవై ఏళ్లుగా తను అంకెల్లో చెప్పి ఎవరి ఒళ్లూ జలదరింపజేయలేకపోయిన సంగతి ఇదే.

"చివరికి రెండు మూతలూ ఫటేల్మని ఊడి మేఘాల్లోకి పోయాయి! ఎర్రది తూర్పుకి, నల్లది పడమరకి. రాలుతుంటే చెరో చేత్తో పట్టి బిగించేశాను."

మేడం గ్లాసు కింద పెట్టింది. మూతలు ఊడిన ముచ్చట ఆ మూడుసార్లలో ఒక్కసారీ రాలేదు.

టీ వడగడుతున్న పడవాయన భార్య తలెత్తింది. కొట్టు ఆవిడదే, నోరూ ఆవిడదే.

"ఏమయ్యా, ఎర్రది ఏ కొసకి పెట్టావు?"

"పై కొసకే! ఆ మాత్రం తెలీదూ?"

"కళ్లనిండా బురద, మొహాన లక్షేళ్లు. ఆ గోలలో పైదేదో కిందదేదో పోల్చుకున్నావా? ముందు నీ కాళ్లకేసి చూసుకో."

అందరూ చూశారు. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమది కుడికి. పొద్దుట్నుంచీ అలాగే ఊరేగుతున్నాడు.

కొట్టంతా ఘొల్లుమంది. అతను మాత్రం నవ్వలేదు.

"గొట్టం దొర్లింది మేడం. చేతికందిన మూత అందిన కొసకి బిగించేశాను. ఒడ్డుకొచ్చాక చూస్తే మెత్తటి బురద నల్లమూత వైపు ఉంది. పైనుండేది మెత్తటిదే కదా. చెబితే ఇంకో పడవ మాట్లాడుకుంటారని..."

"రేపు పొద్దున్న ఆరింటికి పడవ సిద్ధంగా ఉంచండి," అందావిడ. "ఆరోదాన్ని ఇవాళే తిప్పి చదువుతాను."

అతని మొహం తేటపడింది. "ఆ గాలి మాత్రం నిజంగానే పీల్చాను మేడం. ఎన్నేళ్లదంటారు?"

"ఆ అడుగు బురద తొమ్మిది వేల ఏళ్లది."

కోతలరాయుడు మొదట కోసింది నూరేళ్లే. దర్జీ తెలియకుండానే ఓసారి గట్టిగా గాలి పీల్చి చూసుకున్నాడు.

భార్య టీ గ్లాసు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"తొమ్మిది వేల ఏళ్లు ముక్కులోకి లాగిన మొనగాడా, ఆ చెప్పులు మార్చుకో."