బాతుగారి ముప్ఫై ఒకటో భాగం

సభాధ్యక్షులు, మన గ్రామ పెద్దలు పెదబాబుగారికి, జిల్లా కేంద్రం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మా పై అధికారి హరిబాబుగారికి, నాకు దండలు తెచ్చిన వారికి, తేవడం మర్చిపోయి ఇంకొకరి దండ మీద చెయ్యి వేసి ఫొటో దిగిన వారికి (నవ్వులు), శాలువా కప్పుతూ ‘చెమట పడుతోందేంటండీ’ అని నా చెవిలో అడిగిన కేబుల్ బుజ్జిబాబుకి, కిటికీలెక్కి కూర్చున్న పిల్లలకి, అందరికీ చంద్రరావు నమస్కారాలు.

చెమట ఫ్యాను తిరక్క కాదు బుజ్జిబాబూ. పొద్దుట్నుంచీ నాకు కుదురు లేదు. మీరందరూ నన్ను పొగుడుతున్నంతసేపూ నేను నాలుగుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. మూడోసారికి హరిబాబుగారు ‘షుగరుందాండీ?’ అని మెల్లిగా అడిగారు కూడాను. (నవ్వులు) లేదండి, ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. నేనొక మనిషి కోసం చూస్తున్నాను. ఆ మనిషి వస్తే మాట ఎలా పెగులుతుందా అని భయం, రాకపోతే ఇక ఎప్పుడు చెబుతానా అని భయం. ఈ రెండు భయాల మధ్య మీరు చెప్పిన మంచి మాటలు సగం నా చెవిన పడలేదు, క్షమించాలి.

పడిన సగంలో ఒకటి గమనించాను. గ్రంథాలయంలో ఇరవయ్యారేళ్ళ సర్వీసన్నారు, ఒక్క పుస్తకం పోలేదన్నారు, శుక్రవారం సెలవు తప్ప ఏనాడూ తలుపు మూయలేదన్నారు. నా కార్టూన్ సమీక్షల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. పెద్దమనిషిని సాగనంపుతూ బాతు గురించి మాట్లాడితే బాగుండదనుకున్నారేమో. కానీ నేను ఈ ఊళ్ళో మనసుపెట్టి చేసిన పని అదేనండి. తప్పు చేసిందీ అక్కడే.

కొత్తవాళ్ళున్నారు కాబట్టి చెబుతాను. తొంభై అయిదులో పంచాయతీ టీవీని పెట్టుకోడానికి చోటు లేక మన గ్రంథాలయంలో, ఇదిగో ఈ హాల్లోనే పెట్టారు. ఆదివారం పదింటికి తెలుగు మాటలతో ఒక బొమ్మల కామెడీ వచ్చేది. ‘బాతుగారు’ అని పేరు. ఒక బాతు ఒక తాబేలు దంపతుల ఇంటికి కాఫీకని వచ్చి, యాభై రెండు భాగాలు అయిపోయినా వెళ్ళడు. ఆ దంపతులేమో వెళ్ళమని నోరు విడిచి చెప్పలేరు. ఏ దేశం వాళ్ళు తీశారో నాకు తెలీదు గానీ, వాళ్ళెవరో ఒకసారి మనవైపు చుట్టరికానికి వచ్చి వెళ్ళారని నా గట్టి అనుమానం. చుట్టం చెప్పులు తొడుక్కున్నాక కూడా ‘ఉండండి, వెళ్దురుగాని’ అంటూ వీధి అరుగు మీద ఇంకో అరగంట నిలబెట్టే వాళ్ళం మనమే కదండీ మరి!

గ్రంథాలయం బయట వార్తల బోర్డు ఒకటుండేది. దాని మీద సోమవారం సోమవారం నేను బాతుగారి సమీక్ష రాసేవాణ్ణి. బుజ్జిబాబు టేపులో పట్టి ఇస్తే ఒకసారి నవ్వుకోడానికి, రెండోసారి ఎందుకు నవ్వానో కనిపెట్టడానికి, మూడోసారి మార్కులు వెయ్యడానికి చూసేవాణ్ణి. ‘ఏడో భాగం, పదికి ఆరు. బాతుగారు అవసరానికి మించి మాట్లాడారు. తాబేలమ్మగారు ఒక్క మాటైనా అనకుండా మూడోసారి అన్నం వడ్డించిన తీరు అమోఘం.’ ఇలా ఉండేవి. ఇదిగో, ముందు వరసలో కూర్చున్న ముసలయ్యగారికి అస్సలు గిట్టేది కాదు. ‘రొయ్యల రేటు రాయవయ్యా అంటే బాతు కాపురం రాస్తావేంటి?’ అని కర్రతో బోర్డు మీద కొట్టేవారు. ఆ తరవాత కళ్ళజోడు తెచ్చుకుని మొదట చదివేది కూడా ఆయనే. (నవ్వులు) నవ్వకండి ముసలయ్యగారూ, పదో భాగానికి నేను నాలుగు మార్కులేస్తే అన్యాయమని మీరు మా ఇంటికొచ్చి పోట్లాడి వెళ్ళారు, మా ఆవిడ సాక్ష్యం.

ఏం దాచుకోను, నాకు గర్వం పట్టింది. పక్క ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చి చదివి వెళ్ళేవారు. సోమవారం బోర్డు ఖాళీగా ఉంటే నా పరువు పోతుందనుకునే స్థితికి వచ్చాను.

(మంచినీళ్ళు తాగి, గుమ్మం వైపు చూసి) రాలేదు. సరే.

తొంభై ఏడు, వర్షాకాలం. శనివారం గాలివానకి స్తంభాలు ఒరిగి ఊరంతా కరెంటు పోయింది. ఆదివారం రావాల్సింది ముప్ఫై ఒకటో భాగం. నేను కాలుకాలిన పిల్లిలా గ్రంథాలయంలో తిరుగుతూ, వచ్చిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ ‘ఎవరైనా చూశార్రా? ఎక్కడైనా చూశార్రా?’ అని పీక్కుతిన్నాను. ఎవరూ చూడలేదు. అప్పుడు రేవు వీధి పల్లంరాజు కూతురు మరిడమ్మ, పదమూడేళ్ళ పిల్ల, కాసేపు నా అవస్థ చూసి ముందుకొచ్చింది. ‘నేను చూశానండి మేష్టారూ. యానాంలో మా పెద్దమ్మగారింట్లో’ అంది.

అప్పుడు టైము పన్నెండు. పదింటి ప్రోగ్రాం యానాంలో చూసి పన్నెండింటికల్లా మన ఊళ్ళో ఎలా ఉంటుందండీ మనిషి? యానాం దారి ఎంతో, వెళ్ళేటప్పుడెంతసేపు పడుతుందో, వచ్చేటప్పుడెంతసేపు పడుతుందో ఈ సభలో సీసాల కోసం వెళ్ళొచ్చే కొందరికి నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) ఆ లెక్క నాకూ తెలుసు. అయినా స్టూలు లాక్కుని కూర్చుని ‘చెప్పమ్మా’ అన్నాను.

చెప్పింది. బాతుగారికి ఒకరోజు ఉన్నట్టుండి సిగ్గేసి, తనంతట తానే బయల్దేరతాడట. తాబేలు దంపతులు లోపల్లోపల పండగ చేసుకుంటూ, పైకి కళ్ళు ఒత్తుకుంటూ రేవు దాకా దిగబెడతారట. పడవొస్తుంది. ‘మీరు పదండి, నేను తరవాతది ఎక్కుతా’ అంటాడట. ఇంకోటొస్తుంది, మళ్ళీ అదే మాట. ఊరికే కూర్చోలేక అక్కడ జాలరి వల తీసుకుని చిల్లులు కుడతాడట, దారాన్ని కాలి బొటనవేలికి చుట్టి బిగలాగి. నేను ఆపాను. ‘బాతు కాలికి వేళ్ళ మధ్య తోలుంటుంది కదే, బొటనవేలికి దారం ఎలా చుడతాడు?’ అన్నాను. ఆ పిల్ల తడుముకోలేదు. ‘అందుకే కదండీ, చుట్టినప్పుడల్లా జారిపోద్ది. అక్కడే నవ్వొచ్చేది’ అంది.

ఇక్కడ ఇంట్లో తాబేలమ్మగారు మధ్యాహ్నం మూడు కంచాలు పెడుతుందట. పెట్టేశాక చూసుకుని ఒకటి తీసేస్తుందట. తీసేసిన కంచాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకునే అన్నం తింటుందట. సాయంత్రానికి తాబేలుగారు, పిలవడానికి కాదు, ఊరికే గాలికని చెప్పి రేవుకు బయల్దేరతాడట. తాబేలు నడక కదండీ, చేరేసరికి ఎనిమిది పడవలు వెళ్ళిపోయి ఉంటాయి. బాతుగారు తొమ్మిదో దాన్ని పంపించేస్తూ కనిపిస్తాడు. నేను నవ్వాను. తరవాత కళ్ళు తుడుచుకున్నాను. ఆ పిల్ల రేవులో నాన్న వలలు కుడుతుంటే చూస్తూ పెరిగిన పిల్ల. పరదేశం బొమ్మల వాళ్ళకి వల దారం కాలికి చుట్టి లాగడం ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? కథ ఆ పిల్లదేనని నాకు సగంలోనే తెలిసిపోయింది.

ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పని మాట ఇదేనండి. నాకు తెలుసు. తెలిసే, సోమవారం పొద్దున్న బోర్డు మీద ‘ముప్ఫై ఒకటో భాగం, పదికి తొమ్మిదిన్నర, ఇంతవరకూ వచ్చిన వాటిలో ఇదే ఉత్తమం’ అని రాశాను. బోర్డు ఖాళీగా ఉండకూడదని రాశాను. పట్టుబడనులే అని రాశాను.

పదకొండింటికి పెదబాబుగారు వచ్చారు. ముందురోజు నర్సాపురంలో వియ్యంకుల ఇంట్లో ఉండి అసలు భాగం చూసొచ్చారాయన. చదివి, కడుపు పట్టుకుని నవ్వారు. ‘రేవేంటి, వలేంటి చంద్రరావుగారూ? నిన్న బాతు రోజంతా స్నానాల గదిలో తాళం పడి ఉండిపోయాడు!’ అన్నారు. ఆయన తప్పేం లేదు, ఎవరైనా నవ్వుతారు. బోర్డు ముందు నలభై మంది పోగయ్యారు. నా మొహం మాడిపోయింది. ఆ సమయంలో మరిడమ్మ పుస్తకం మార్చుకోడానికి వచ్చింది. ఆ నలభై మంది ముందూ దాన్ని నిలబెట్టి, ‘కోతలు కోస్తావా? గ్రంథాలయానికి వచ్చి అబద్ధాలు చెబుతావా? ఇంకోసారి ఈ గడప తొక్కావంటే ఊరుకోను’ అని అరిచాను. అంతా నిజమేనని నమ్మి మోసపోయినవాడిలా అరిచాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నాకు తెలుసన్న సంగతి దానికీ తెలుసు. చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.



అదిగో, ఒక్క పుస్తకం కూడా పోలేదన్నారే, నిజమేనండి. మనిషి పోయింది. ఆ రోజు నుంచి దాని పేరు కోతల మరిడమ్మ అయింది. జ్వరమొచ్చిందంటే కోతలన్నారు, పదో తరగతి పాసయ్యానంటే కాగితం చూపించమన్నారు. పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళకి కూడా ఎవరో చెప్పారట. గంగాధర్ మంచివాడు కాబట్టి నవ్వేసి చేసుకున్నాడు. అవన్నీ వింటూ నేను బోర్డు మీద మార్కులు వేసుకుంటూ కూర్చున్నాను.

రెండువేలలో బాతుగారు మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు. కిందటేడు ఇంకోసారి. రెండుసార్లూ యాభై రెండు భాగాలూ వదలకుండా చూశాను, ‘మళ్ళీ చూశాక’ అని కొత్తగా సమీక్షలు రాశాను. కొన్నింటికి మార్కులు పెంచాను, కొన్నింటికి తగ్గించాను. ముసలయ్యగారూ, పదో భాగానికి ఏడు వేశాను, మీరే గెలిచారు. జనం నాకు బాతు పిచ్చి అనుకున్నారు. నేను వెతుక్కుంటున్నది వేరు. రేవు భాగం ఎక్కడైనా ఉంటుందేమో, ఏ నలభయ్యో భాగంలోనో ఆ పడవలు వస్తాయేమో, వస్తే నా తప్పు కాస్తయినా తేలికవుతుందేమో అని ఆశ. లేదండి, ఎక్కడా లేదు. స్నానాల గది భాగం మాత్రం ఉంది. మూడు మార్కుల సరుకు. మరిడమ్మ చెప్పిన దానికి నేను వేసిన తొమ్మిదిన్నర తగ్గించడానికి ఇప్పటికీ నాకు కారణం దొరకలేదు.

ఈ సంగతి ఇవాళే ఎందుకంటారా? మన ఊరి అంగన్‌వాడీకి పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి. వచ్చిన పేర్లలో మరిడమ్మ పేరుంది. చదువుంది, ఓపికుంది. మొన్న పంచాయతీ మీటింగులో పేరు చదవగానే ‘కోతల మరిడమ్మా? పిల్లలకి అబద్ధాలు నేర్పడానికా?’ అని ఒకరన్నారు, అందరూ నవ్వారు, పేరు పక్కన పెట్టేశారు. నేనూ ఆ మీటింగులో ఉన్నాను. నవ్వలేదు గానీ నోరూ విప్పలేదు. పెదబాబుగారూ, ఆ జాబితా ఎల్లుండి వెళ్ళాలి, మీ సంతకం ఇంకా పడలేదు. అందుకని ఇవాళ.

మరిడమ్మ ‘చూశాను’ అన్న ఒక్క మాటే అబద్ధం, అదీ నేను పీక్కుతింటే చెప్పింది. మిగిలినదంతా కథ. పదమూడేళ్ళకి అంత చక్కటి కథ చెప్పిన పిల్లని, నా పరువు కోసం నేను అబద్ధాలకోరుని చేశాను. ఊరిని మోసం చేసింది నేనండి. కోతలన్న పేరు ఎవరికైనా తగిలించాలంటే నాకు తగిలించండి, రిటైరయ్యాను కాబట్టి నాకు పోయే ఉద్యోగం కూడా లేదు. (కొందరు నవ్వారు, ఎక్కువమంది నవ్వలేదు)

గంగాధర్, వెనక నుంచున్నావు, చూశాను. మీ ఆవిడ ఏమందయ్యా? మైకు లేకపోయినా ఫర్వాలేదు, గట్టిగా చెప్పు.

(వెనక నుంచి: ‘రమ్మన్నానండి మేష్టారూ. ఆ గడప తొక్కొద్దన్నారు కదా, తొక్కనంది.’)

ఆఁ. న్యాయమే. ఎనిమిదేళ్ళుగా నేను గుమ్మం వైపు చూస్తున్నాను గానీ, ఆ గుమ్మం మూసింది నేనేనన్న సంగతి నాకే తట్టలేదు. మనిషి రావాలని చూస్తూ కూర్చోవడమేంటి, నేను వెళ్ళాలి గాని.

హరిబాబుగారూ, భోజనాలకి నా కోసం ఆగకండి, పనసపొట్టు కూర చల్లారితే బాగోదు. నేను రేవు వీధికి వెళుతున్నాను. లోపలికి రమ్మనకపోతే వీధిలోనే నుంచుని, ఇక్కడ చెప్పిందంతా అక్కడ మళ్ళీ చెబుతాను. ఆనాడు నలభై మంది ముందు అన్నాను కాబట్టి ఇవాళ ఒంటరిగా వెళితే సరిపోదు. ఎవరైనా నాతో వస్తానంటే రండి, బలవంతం లేదు.

(సభలో కలకలం)

ముసలయ్యగారూ, మెల్లిగా, కర్ర కింద పడింది. పెదబాబుగారూ, మీరు అధ్యక్షులు, సభ ముగియకుండా లేవకూడదండి... లేచారా? సరే, అయితే సభ ముగిసినట్టే. ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు, ఇన్నేళ్ళు నన్ను మేష్టారూ అని పిలిచినందుకు మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంకొక్క మాట, ఆమెని చూడగానే ఎవరూ ఆ పాత పేరు పెట్టి పిలవకండి. మరిడమ్మగారూ అనండి. మొదట నేనే అంటాను.

సెలవు.